మూడోనాటి నెత్తురు

భూమి పాసుబుక్కును తొడకింద పెట్టుకొని అమృతమ్మ గడపలో కూర్చుని అప్పటికి రెండు గంటలైంది.

లోపలివాళ్ళు వీధిలోకి పోవాలంటే ఆమెను దాటాలి. దాటే ధైర్యం ఆ ఇంట్లో ఇంకా ఎవరికీ పుట్టలేదు. మోటార్ వైండింగ్ షాపు ఈపాటికే తెరవాల్సిన ఆమె కొడుకు దేవప్ప, చేతిలో తాళం చెవులు ఆడిస్తూ తల్లి వీపుతో మాట్లాడుతున్నాడు.

"బుక్కియ్యమ్మా. దస్తావేజు రాసేటాయన పది గంటలకు రమ్మన్నడు. ఇయ్యాల రాసుకుంటేనే సోమారం రిజిస్ట్రీ అయితది."

"ఇయ్య."

"మనూర్ తొవ్వల గా చెలక ఎన్నేండ్ల సంది పడావు పడ్డది? జిల్లేడు తప్ప ఏం మొలుస్తుంది దాన్ల?"

"నీకు జిల్లేడు కనబడ్తుంది. నాకు మీ అయ్య కనబడ్తుండు. దాన్లనే నాగలి పట్టి దాన్లనే కూలబడ్డడు."

"అయ్య ముచ్చట ఇప్పుడెందుకు? నంబర్ మంచిగొచ్చింది. హైదరాబాద్ల మూడు వారాలుండాలె. సూదులు కొనాలె. ఎట్ల?"

అమృతమ్మ అప్పుడు వెనక్కి తిరిగింది.

"నంబర్ ఎందుకు మంచిగొచ్చిందిరా? ఎవరిచ్చిన్రు? నెల కింద ఆదివారం నాడు నా కోడలు బోరంచల నల్లపోచమ్మకు బోనమెత్తింది. గురువారం నెత్తురిచ్చింది. ఏడు మీద ఎనిమిది వచ్చింది. అమ్మ ఇచ్చినంక ఇగ సూదులెందుకు? చెలక అమ్ముడెందుకు? ఇంట్లనే కడుపు పండుతది."

ఏడు పాయింట్ ఎనిమిది అని ఆమెకు ఎన్నిసార్లు చెప్పినా 'ఏడు మీద ఎనిమిది' అనే అంటుంది. మూడు వారాలుగా ఆ అంకె నారాయణఖేడ్‌లో వాళ్ళ వీధి మొత్తానికీ నోటికొచ్చింది. పాలు పోసే ఆమె కూడా అడిగి తెలుసుకుని వెళ్ళింది.

హైదరాబాద్‌లో పిల్లలు లేనివాళ్ళకు వైద్యం చేసే డాక్టరమ్మ మొదటి రోజే విడమర్చి చెప్పింది. నెలసరి మొదలైన మూడో రోజున రక్తం తీసి చూస్తే, ఆడమనిషి కడుపులో గుడ్ల నిలవ ఎంత ఉందో ఒక అంచనా వస్తుంది. అంకె పదిలోపు ఉంటే సూదుల మందుకు ఫలితం ఉండొచ్చు. పదిహేను దాటితే ఒళ్ళు గుల్ల చేసుకోవడమే తప్ప ఆశ పెట్టుకోనక్కర్లేదు. కానీ మూడో రోజే తియ్యాలి. రోజు తప్పితే అంకెకు విలువ లేదు.

ఆ మాట విన్నప్పుడే దేవప్పకు డాక్టరమ్మ మీద గురి కుదిరింది. కాలిన మోటార్‌ను వాసన చూసి ఇంత ఖర్చవుతుందని చెప్పేవాళ్ళంటే అతనికి ఒళ్ళుమంట. అతడు మీటర్ పెట్టి, సూది ఎక్కడ ఆగిందో చూసి మాట్లాడే మనిషి. పెళ్ళయిన పదకొండేళ్ళలో తాయెత్తులూ మొక్కులూ నాటుమందులూ చూసి చూసి విసిగిపోయినవాడికి, ఆఖరుకు ఒకరు మీటర్ చూపించారు.

"అమ్మా, నేనింక చెప్ప. బుక్కు ఇస్తవా, ఇయ్యవా?"

"గుంజుకో. తల్లిని బోర్లా పడేసి గుంజుకో."

దేవప్ప గుంజుకోలేదు. పళ్ళు కొరుకుతూ వెనక తలుపు గుండా బయటపడి, గోడ దూకి షాపుకు పోయాడు. ముప్పై ఆరేళ్ళ మగాడు తన ఇంటి గోడ తనే దూకడం ఎదురింటివాళ్ళకు మంచి కాలక్షేపమైంది.

అమృతమ్మకు మాట్లాడకుండా ఉండటం చేతకాదు. కొడుకు పోయాడు, కనక వంటింట్లో జొన్నరొట్టె తడుతున్న కోడలి మీదికి తిరిగింది.

"నీలమ్మా! నువ్వన్న చెప్పవే వానికి. బోనమెత్తినదానివి నువ్వు. అమ్మ ఇచ్చిందా, లేదా?"

నీలమ్మ చేతులు పిండి మీద ఆగిపోయాయి.

"నిన్నేనే అడుగుడు!"

"పెనం మాడుతుందత్తా," అంది నీలమ్మ. పెనం మాడటం లేదు.

ఏమని చెప్పాలి? బోనం కుండ నెత్తిన పెట్టుకున్న ఆ ఆదివారం నాటికి తాను బయట చేరి రెండో రోజని చెప్పాలా? శనివారం పొద్దున్నే అయితే, ఎవరికీ తెలియకుండా గుడ్డ దోపుకొని, మర్నాడు తలస్నానం చేసి, పసుపు రాసుకొని, వేపమండలు కట్టిన కుండ ఎత్తుకొని, డప్పుల వెనక అమ్మవారి గుడిమెట్లు ఎక్కింది. చుట్టాలు వెళ్ళేదాకా సోమవారం కూడా గుట్టుగా గడిపి, మంగళవారం నాడు మాత్రమే 'బయటైన' అని పెరట్లో కొట్టం కింద చాప వేసుకుంది. ఇంటివాళ్ళంతా మంగళవారం నుంచి లెక్కపెట్టి గురువారం మూడో రోజన్నారు. నిజానికి ఆ గురువారం ఆరో రోజు.

ఆరో రోజు నెత్తురుకు వచ్చిన అంకెను చూసి ఇల్లంతా పండగ చేసుకుంటోంది. ఆ పండగలో ఆమెకు ముద్ద దిగడం లేదు.

వంటింటి మూలలో చెల్లెలు రుక్కమ్మ బట్టలు మడిచి సంచిలో పెట్టుకుంటోంది. ఇరవై ఏళ్ళ పిల్ల. 'అక్కకు చేదోడుగా' అని అమృతమ్మ రెండు నెలల కింద సిర్గాపూర్ నుంచి పిలిపించింది. ఆ చేదోడు ఏమిటో ఊరందరికీ తెలుసు, రుక్కమ్మకూ తెలుసు. అంకె చెడ్డదొస్తే దేవప్పకు ఆమెనే ఇచ్చి చేయాలని అమృతమ్మ అనుకుంది. ఆ మాట ఎత్తినప్పుడల్లా దేవప్ప అన్నం ముందునుంచి లేచిపోయేవాడు. అంకె మంచిదొచ్చింది కనక ఇక రుక్కమ్మ అవసరం తీరింది. రెండు గంటల బస్సుకు ఇంటికి పొమ్మన్నారు.

రెండు నెలల్లో ఆ పిల్ల నవ్వడం నీలమ్మ ఇవాళే చూస్తోంది.

*

పదకొండు గంటలకు ల్యాబ్ గిద్యోను వచ్చాడు. బస్టాండ్ దగ్గర రక్తపరీక్షల గది అతనిదే. ఇక్కడ చేయలేని పరీక్షలకు సీసాలను ఐసు ఫ్లాస్కులో పెట్టి హైదరాబాద్ మొదటి బస్సుకు తీసుకుపోతాడు. దేవప్పతో కలిసి చదువుకున్నవాడు, నీలమ్మకు అన్న వరస కలుపుకున్నవాడు.

"పెద్దమ్మా, దేవప్ప లేడా?"

"గోడ దుంకి పోయిండు. ఎందుకు?"

"ఏం లేదు. నిన్న హైదరాబాద్ పోయొచ్చిన. జర నీళ్ళు తాగిపోదామని."

"నేను లేవ బిడ్డా. లేస్తే బుక్కు పోతది. నా పక్కకెల్లి పెరట్లకు పో, నీలమ్మ ఇస్తది."

ఆ విధంగా అమృతమ్మ పాసుబుక్కును కాపాడుకుంటూ కూర్చోవడం వల్ల, గిద్యోనుకు నీలమ్మతో ఒంటరిగా మాట్లాడే వీలు దొరికింది. పెరట్లో ఆమె ఇచ్చిన చెంబు అందుకున్నాడు, తాగలేదు.

"చెల్లె, ఒకటడుగుత. కోపం జేసుకోకు."

"అడుగన్నా."

"నేను నెత్తురు తీసిన నాడు నీకు ఎన్నో రోజు?"

నీలమ్మ కొంగు సర్దుకుంది. "మూడో రోజు. కాయితం మీద నువ్వే రాసుకున్నవ్ గద."

"నువ్వు చెప్తే రాసిన."

అతడు చొక్కా జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. రిపోర్టు నకలు. అడుగున డాక్టరమ్మ చేతిరాత ఇంగ్లీషులో రెండు వరుసలుంది.

"మొదటి నంబర్ మనకు ఫోన్‌ల చెప్పిన్రు. గిది రెండో నంబర్. అదే నెత్తురుల ఇంకో పరీక్ష చేస్తరు. నిన్న డాక్టరమ్మ రెండు పక్కపక్కకు పెట్టి చూసింది. మూడోనాడైతే గీ రెండోది ఇంత ఎత్తుల ఉండొద్దు అంటుంది. రెండోది ఎక్కితే మొదటిదాన్ని కిందికి గుంజుతది. అంటే గా ఏడు పాయింట్ ఎనిమిది ఉత్తదే కావచ్చు."

"ఉత్తదంటే?"

"నమ్మరాదు. రెండే దార్లున్నయ్ చెల్లె. రోజు తప్పన్న కావాలె. లేకుంటే రోజు సరిగనే ఉన్నది, నీ కడుపుల గుడ్లే అడుగంటినయ్. రోజు తప్పని ఎవ్వరు చెప్పకుంటే డాక్టరమ్మ రెండోదే అనుకుంటది. నీ కాయితం పక్కకు పెడ్తది. సూదులు మొదలుపెట్టది."

పెరటి గోడ అవతల ఎవరో బిందె తోముతున్న చప్పుడు. నీలమ్మకు ఆ చప్పుడే వినిపిస్తోంది. తాను ఇల్లు నిలుపుకోవడానికి ఆడిన అబద్ధం ఇప్పుడు తన మీదికే వచ్చి కూర్చుంది. నోరు మూసుకుంటే తన కడుపే దోషి. నోరు తెరిస్తే పోచమ్మ ముందు దోషి.

"రోజు తప్పని చెప్తే?"

"చెప్తే ఏం లేదు. వచ్చేసారి మూడోనాడు మళ్ళ తీసి చూద్దాం అంటది. అసలు నంబర్ అప్పుడొస్తది. మంచిదే రావొచ్చు గద."

"మంచిది రాకపోతే?"

గిద్యోను చెంబు ఎత్తి నీళ్ళు తాగి, మూతి తుడుచుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"గా ఆదివారం నేను బోరంచ బస్టాప్‌ల ఉన్న. నువ్వు బోనమెత్తుకొని పోతుంటే చూసిన. నీ మొఖం చూసి మా ఇంటామె హన్నమ్మతోని అన్న, నీలమ్మకు పానం మంచిగ లేదే అని. మా ఇంట్ల గా పట్టింపు లేదు చెల్లె. హన్నమ్మ ఎప్పుడు బయటుంటదో నాకు సగం సార్లు తెలువనే తెలువది. గందుకే నేను తప్పు పట్ట. గని నెత్తురు లెక్క నెత్తురుకు ఉంటది."

"నీ కాల్మొక్త అన్నా. మీ దోస్తుకు చెప్పకు."

"కాయితం వాని పేరు మీదున్నది. పొద్దుగూకే లోపల ఇయ్యాల్సిందే. సోమారం చెలక పోతుంది. నేను దాచిపెడితే రేపు వాని మొఖం ఎట్ల చూడాలె? నువ్వే ముందుగాల చెప్పుకో. నాలుగింటికి షాపుకు పోత."

అతడు పోయాడు. ముందు గడపలోంచి అమృతమ్మ గొంతు వినిపించింది. "ఏమన్నడే గిద్యోను?"

"నీళ్ళు తాగిపోయిండత్తా."

*

రుక్కమ్మ కొట్టం చాటున నిలబడి అంతా విన్నది. ఆ శనివారం పొద్దున అక్క గుడ్డ ఉతకడం చూసింది ఆమె ఒక్కతే.

"చెప్తవా అక్కా?"

"చెప్పకుంటే డాక్టరమ్మ నన్ను పక్కకు పెడ్తది."

"చెప్తే ముసల్ది నిన్ను బతకనిస్తదా? బోనం మైల చేసినవని ఊరంత డప్పు కొడ్తది. ఎవరింట్ల ఎవరికి జెరమొచ్చినా నీవల్లనే అంటది."

"తెలుసు."

"అసలు ఎందుకెత్తినవే? నాకు బాగలేదు, చుట్టాల పిల్ల ఎవరో ఒకరు ఎత్తుతరు అంటే అయిపోవు గద!"

నీలమ్మ చెల్లెలివైపు తీక్షణంగా చూసింది.

"ఎవరో ఎందుకెత్తుతరు? నిన్ను ఎత్తమంటుండె. శుక్రారం రాత్రి నువ్వు నిద్రపోతున్నప్పుడు నీకు కొత్త చీర తీసి పెట్టింది అత్త. నీలమ్మకేమన్న అయితే నువ్వున్నవ్ గద అని నా ముందటే అన్నది. ఇంటి బోనం ఎవరెత్తుతరు? ఇంటి కోడలు ఎత్తుతది. నీ నెత్తి మీద కుండ పెట్టి ఊరందరి ముందట నడిపిస్తే ఇగ మిగిలిందేంది? తాళి ఒక్కటే."

రుక్కమ్మకు ఈ సంగతి తెలియదు. విన్నాక ఆమె నోట వచ్చిన మాట మాత్రం అక్కకు సాయపడేది కాదు.

"నేను పోయినంక చెప్పు."

"ఏంది?"

"రెండు గంటల బస్సుకు నేను పోత. సిర్గాపూర్ల దిగినంక, నాలుగింటికి, గిద్యోనన్నతోనే చెప్పిపియ్యి. నేనుండంగ చెప్పకు. చెప్తే నన్ను పోనియ్యరు."

"నీకు గంతేనా రుక్కూ? నా పానం పోతుంటే నీకు బస్సు కావాల్నా?"

"గంతే అక్కా!" అంది రుక్కమ్మ. "రెండు నెలల సంది నేను గీ ఇంట్ల ముద్ద తింటే ముసల్ది నా నడుము కొలుస్తుంది. నీ కండ్ల ముందట నేను బావ పక్కన... నాతోని కాదు. నీకు పిల్లలు కావాలె, నిజమే. నాకు నా బతుకు కావద్దా?"

నీలమ్మకు ఆ పిల్లను కొట్టాలనిపించింది, దగ్గరికి తీసుకోవాలని కూడా అనిపించింది. ఏదీ చేయలేదు. నడుములో పొద్దుటినుంచీ లాగుతున్న నొప్పి ఒక్కసారిగా కిందికి దిగింది. ఆమె కొట్టం గుంజ పట్టుకుంది.

"ఏమైందే?"

"అయింది."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇవాళ శనివారం. ఇవాళ ఒకటైతే, సోమవారం మూడో రోజు.

"దాచిపెట్టు," అంది రుక్కమ్మ గబగబా. "పోయినసారి దాచలేదా? గట్లనే. నేను పోయేదాకనన్న దాచు."

"దాస్తే సోమారం పోతది. మళ్ళ నెల దాక ఆగాలె. అప్పటికి చెలక ఉండది. డాక్టరమ్మ కాడ నా పేరుండది."

అలా అంటుండగానే నీలమ్మకు ఒక దారి తోచింది. దాచనక్కర్లేదు. మొత్తం చెప్పనూ అక్కర్లేదు. ఇవాళ బయటైన, డాక్టరమ్మ ఇంకోసారి నెత్తురు చూస్తానన్నది, సోమారం తీయించుకుంట. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. గిద్యోను కూడా ఇంతే చెబితే చాలు. పాత శనివారం పాత శనివారంగానే ఉంటుంది. సోమవారం నాటి అంకె తన అసలు అంకె అవుతుంది. అది మంచిదైతే ఎవరూ వెనక్కి తిరిగి చూడరు.

మూడు వారాల తర్వాత ఆమెకు మొదటిసారి ఊపిరి సరిగ్గా ఆడింది. తనకూ తెలుసుకోవాలని ఉంది. అత్త కోసం కాదు, మొగుడి కోసం కూడా కాదు. తన కడుపు నిజంగా ఏమంటుందో తనకే ఇంతవరకు తెలియదు.

"నీ బస్సుకు నువ్వు పో," అంది చెల్లెలితో. "నా సంగతి నేను చూసుకుంట."

కొట్టం కింద చాప పరిచి కూర్చుంది. గట్టిగా పిలిచింది. "అత్తా! నేను బయటైన."

*

దేవప్ప ఒంటిగంట దాటాక భోజనానికి వచ్చాడు. ఈసారి గడప మీదుగానే వచ్చాడు. కోడలు బయటైంది కనక పొయ్యి దగ్గరికి తనే పోవాల్సొచ్చి అమృతమ్మ లేచింది. పాసుబుక్కు నడుముకు దోపుకొంది.

"డాక్టరమ్మ ఇంకోసారి నెత్తురు అడిగిందట," అంది నీలమ్మ పెరట్లోంచే. "గిద్యోనన్న చెప్పిపోయిండు. సోమారం మూడో రోజు. తీయించుకుంట."

"ఎందుకు మళ్ళ? నంబర్ మంచిగనే ఉన్నది గద?"

"ఉన్నా సరే, గట్టి చేసుకుంటదట."

"చేసుకోనీ. మోటార్ అయితే నేను గూడ రెండుసార్లు పెట్టి చూస్త." దేవప్ప రొట్టె తుంచాడు. అంతటితో ఆ మాట అయిపోయేదే.

పప్పు వడ్డిస్తున్న అమృతమ్మ గరిటె పట్టుకునే ఆగింది.

"ఇయ్యాల శనివారం గద?"

దేవప్ప రొట్టె నములుతూ తలూపాడు.

"గప్పుడే ఎట్లైనవే?"

ఈ ఒక్క సంగతి నీలమ్మకు తట్టలేదు. పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో ఆమె నెలలు లెక్కపెట్టింది ఆమె కాదు, అత్త. ఇరవై ఎనిమిదో రోజు వస్తుందంటే అమృతమ్మ రెండు రోజుల ముందునుంచే కోడలి నడక చూసేది, వాంతి వస్తుందేమో అని ముఖం చూసేది, ఆ రోజు రాగానే ఏమీ అనకుండా పెరట్లో చాప తనే తెచ్చి వేసేది. నూటముప్పైకి పైగా సార్లు వేసింది. ఆ ముసలామెకు రాయడం రాదు, చదవడం రాదు, ఈ లెక్క మాత్రం ఒక్కనాడూ తప్పలేదు.

అమృతమ్మ బొటనవేలు కణుపుల మీద నడవడం మొదలుపెట్టింది. మంగళవారం నుంచి మంగళవారానికి ఏడు. ఇంకో ఏడు. ఇంకో ఏడు. బుధ, గురు, శుక్ర, శని.

"ఇరవై అయిదు," అంది. "నీకు ఎన్నడు ఇరవై అయిదు లేదు."

"ఒక్కోసారి ముందటికొస్తదత్తా."

"నీకు రాదు."

వేళ్ళు వెనక్కి నడిచాయి. సోమవారం. ఆదివారం. శనివారం దగ్గర ఆగిపోయాయి.

అమృతమ్మ గరిటె కింద పెట్టింది. పెరటి తలుపు దాకా వచ్చి కోడలిని చూసింది. అరవలేదు. అరిస్తే బాగుండునని నీలమ్మ అనుకుంది.

"బోనం ఎత్తిన ముందురోజే అయినవ్."

నీలమ్మ తల దించుకుంది.

"చెప్పు."

"అయిన."

"అమ్మ కుండ ముట్టుకున్నవ్. గుళ్ళెకు పోయినవ్. ఆ బోనం అన్నం ఇంటింటికి పంచిన నేను. పసిపిల్లల నోట్ల గూడ పెట్టిన."

"రుక్కు నెత్తి మీద పెడ్తవని భయమైంది అత్తా. గందుకే దాచిన. పోచమ్మ మీద లెక్కలేక కాదు. మెట్టు మెట్టుకు చెంపలేసుకుంట ఎక్కిన. నన్ను చంపు తల్లీ, గని నా ఇంట్లకెల్లి ఎల్లగొట్టకు అని మొక్కిన."

మాట్లాడకుండా ఉండటం చేతకాని అమృతమ్మ గోడకు చేరగిలబడి, మెల్లగా నేల మీద కూర్చుండిపోయింది. నడుములోని పాసుబుక్కు జారి పడినా చూసుకోలేదు.

దేవప్ప చెయ్యి కడుక్కోకుండానే పెరట్లోకి వచ్చాడు. అతనికి బోనం గురించి పట్టలేదు.

"అయితే గా గురువారం ఎన్నో రోజు?"

"ఆరో రోజు."

"నేనడిగిన నిన్ను. సీసాల నెత్తురు తీసే ముందట, గిద్యోను ముందట, ఎన్నో రోజు నీలా అని అడిగిన."

"అడిగినవ్."

"మూడన్నవ్."

"అన్న."

"ఏడు పాయింట్ ఎనిమిది నీది కాదా?"

"నెత్తురు నాదే. రోజు మూడోది కాదు."

అతడు నవ్వాడు. బాగా నవ్వే మనిషే, కానీ ఇది ఆ నవ్వు కాదు. "షాపుకొచ్చినోళ్ళందరికి చెప్పిన. చాయ్ తాపిచ్చిన. ఊరంతా అబద్ధమాడినా గీమె ఆడదు అనుకున్న."

"నేను చెప్దామనే..."

"ఎప్పుడు? చెలక పోయినంకనా? సూదులు గుచ్చి గుచ్చి ఏం లేదని తేలినంకనా?"

"సోమారం తీయించు. ఈసారి నిజంగ మూడోదే. గిద్యోనన్న అన్నడు, అసలు నంబర్ మంచిదే రావొచ్చని."

"రాకుంటే?"

పొద్దున గిద్యోనును తాను అడిగిన ప్రశ్నే. నీలమ్మ మొగుడి ముఖంలో కోపం వెతికింది. కోపమైతే రెండు రోజుల్లో దిగుతుంది, ఆ సంగతి ఆమెకు అనుభవమే. అక్కడ కోపం కనిపించలేదు. మీటర్ పెట్టి చూసి, ఈ మోటార్ మళ్ళీ చుట్టించాలా, పక్కన పడేయాలా అని ఆలోచించేటప్పుడు అతని ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది.

వెనక గుమ్మంలో రుక్కమ్మ నిలబడి ఉంది. తల దువ్వుకుంది, పూలు పెట్టుకుంది, సంచి చంకకు తగిలించుకుంది. పోయొస్తానని చెప్పడానికి వచ్చినట్టుంది.

దేవప్ప ఆ పిల్లను చూశాడు. రెండు నెలల్లో అతడు ఆమెను అలా నిలబడి చూడటం ఇదే మొదలు. తర్వాత నేల మీద కూర్చున్న తల్లి వైపు తిరిగాడు.

"అమ్మా. రుక్కమ్మను ఇయ్యాల తోలియ్యకు. సోమారం నంబర్ చూసినంక చూద్దాం."

అమృతమ్మ తలెత్తలేదు. నీలమ్మ చాప మీద నుంచి లేవబోయి, తాను బయట ఉన్న సంగతి గుర్తొచ్చి ఆగిపోయింది. రుక్కమ్మ ఒక్క అడుగు వెనక్కి వేసి, వీధి తలుపు వైపు చూసింది. గడపలో ఇప్పుడు ఎవరూ లేరు. బస్సుకు ఇంకా పావుగంట ఉంది.